ప్రళయ కావేరి ఒడ్డున రెండు రోజులు

సూళ్ళూరుపేట పేరు వినగానే మనకు రాకెట్లు గుర్తుకు వస్తాయి. టెలివిజన్‌లో అంకెలు వెనక్కి లెక్కపెట్టడం, నిప్పులు చిమ్ముతూ రాకెట్ లేవడం, శాస్త్రజ్ఞులు చప్పట్లు కొట్టడం మన పిల్లలందరూ చూచిన దృశ్యమే. అయితే ఆ రాకెట్లు లేచే శ్రీహరికోట దీవికీ, సూళ్ళూరుపేటకూ మధ్య ఒక పెద్ద ఉప్పునీటి సరస్సు ఉందనీ, అందులో వేల పక్షులు, వేల కుటుంబాలు బ్రతుకుతున్నాయనీ మనలో చాలామందికి తెలియదు. అదే పులికాట్ సరస్సు. పాత తెలుగువారు దీనిని ప్రళయ కావేరి అన్నారు. స.వెం. రమేశ్ గారు ఆ పేరుతోనే ఈ సరస్సు దీవులలోని తెలుగువారి కథలు వ్రాశారు.

జనవరి నెలలో మా సంఘ సండే స్కూలు ఉపాధ్యాయులు, వారి కుటుంబాలు కలిసి ఈ సరస్సు చూడడానికి బయలుదేరాము. క్రిస్మస్, నూతన సంవత్సర ఆరాధనల హడావుడి ముగిసిన తరువాత రెండు రోజులు దేవుని సృష్టి మధ్య గడపాలని మా ఉద్దేశము. ఆ రెండు రోజులలో చూచినవి, విన్నవి కుటుంబ పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన దేశంలో సముద్రానికి ఆనుకొని ఉన్న ఉప్పునీటి సరస్సులలో ఒడిషాలోని చిలికా మొదటిది, పులికాట్ రెండవది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నాయి. మునుపు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట ప్రాంతం 2022లో జిల్లాలను విభజించినప్పుడు తిరుపతి జిల్లాలో కలిసింది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గోడలాగా నిలిచిన ఇసుక దీవియే శ్రీహరికోట. 1969లో ఈ దీవిని రాకెట్ కేంద్రానికి ఎన్నుకొన్నారు. 2002లో దానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. చంద్రయాన్-3 కూడా 2023 జులై 14న ఇక్కడనుండే చంద్రునివైపు బయలుదేరింది.

మొదట మేము వెళ్ళినది నేలపట్టు. ఇది సరస్సుకు ఉత్తరంగా, దొరవారిసత్రం దగ్గర, జాతీయ రహదారికి కొంచెం లోపలగా ఉంది. పేరుకు చిన్న ఊరే. అక్కడి చెరువులో, నీటిలోనే వేళ్ళూని బ్రతికే చెట్ల గుంపు ఉంది. ఆ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుతాయి. 1976లో ప్రభుత్వం దీనిని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. దీని విస్తీర్ణం 450 హెక్టార్లు దాటుతుంది. ఈశాన్య ఋతుపవనాల వానలు పడి చెరువు నిండగానే అక్టోబరు నెలనుండి పక్షులు దిగుతాయి. చెట్ల మొదళ్ళు నీళ్ళలో ఉండడం వల్ల నక్కలు, పిల్లులు గూళ్ళ దగ్గరకు రాలేవు. వానలు లేని సంవత్సరం చెరువు నిండదు; చెరువు నిండకపోతే గూళ్ళు తగ్గిపోతాయి.

చూడడానికి ఎత్తైన మంచెలు కట్టారు. పిల్లలను గట్టిగా మాట్లాడవద్దని హెచ్చరించి మంచె ఎక్కించాము. పైకి వెళ్ళిన తరువాత వారికి హెచ్చరిక అవసరమే లేకపోయింది. ఎదుట చెట్లన్నీ తెల్లగా, బూడిదరంగుగా కదులుతున్నాయి. కొమ్మకొమ్మకూ గూళ్ళే. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా అదే చెట్లను పంచుకొన్నాయి. పెద్ద గూడబాతు రెక్కలు విప్పి చెట్టుమీద వాలినప్పుడు కొమ్మ కిందికి వంగి మళ్ళీ లేచింది. దాని నోటి క్రింద వ్రేలాడే సంచిలోనికి పిల్ల తలను దూర్చి, తల్లి తెచ్చిన చేపను తింటున్నది. మాతో వచ్చిన ఒక చిన్నపాప, "అమ్మను మింగేస్తోందా?" అని భయపడి అడిగింది.

ఆ పాప ప్రశ్న వింటే ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. పూర్వం ఐరోపా ఖండంలోని క్రైస్తవులు, గూడబాతు తన రొమ్మును చీల్చుకొని తన రక్తంతో పిల్లలను బ్రతికిస్తుందని నమ్మేవారు. అందుచేత ఆ పక్షిని క్రీస్తు ప్రభువు త్యాగానికి గుర్తుగా దేవాలయపు కిటికీలమీద, బలిపీఠాలమీద చిత్రించారు. అది నిజం కాదని ఇప్పుడు మనకు తెలుసు. నిజంగా జరిగేది ఇంకొకటి. తల్లి, తండ్రి రెండు పక్షులూ వంతులవారీగా సుమారు నెల రోజులు గుడ్లను పొదుగుతాయి. ఒకటి ఎండలో గూటిమీద కూర్చుంటే మరొకటి మేతకు పోతుంది. తమ పొట్టలో దాచి తెచ్చిన ఆహారాన్ని పిల్లల నోటికి అందిస్తాయి. కట్టుకథలోని గూడబాతు ఒక్కసారి రక్తం కార్చి మనలను ఆశ్చర్యపరచింది. నేలపట్టు గూడబాతు ప్రతిదినమూ చెరువుకూ సరస్సుకూ తిరిగి తిరిగి అలసిపోతున్నది. మన ఇండ్లలో తల్లిదండ్రుల త్యాగం ఎక్కువగా ఈ రెండవ విధమైనదే కదా! దానిని ఎవరూ కిటికీల మీద చిత్రించరు. 102వ కీర్తనలో బాధలో ఉన్న భక్తుడు తన ఒంటరితనాన్ని చెప్పుకోవడానికి మన తెలుగు బైబిలులో ఈ గూడబాతునే ఎన్నుకొన్నాడు. ఇన్ని గూళ్ళ మధ్య నిలబడి ఆ కీర్తనను తలచుకొంటే, తన గుంపునుండి తప్పిపోయిన పక్షి దుఃఖము ఎట్టిదో అర్థమైంది.

నేలపట్టు రైతులకు ఈ పక్షులంటే ప్రేమ. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు మంచి ఎరువు. అందుకని తరతరాలుగా వారు వీటి జోలికి పోరు, పోనివ్వరు. ప్రభుత్వం చట్టం చేయకముందే ఆ ఊరు చట్టం చేసుకొన్నది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, గూటిలో పిల్లలమీద కూర్చున్న తల్లిని పిల్లలతోకూడ పట్టుకోకూడదని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. ఆ ఆజ్ఞను మన ప్రసంగాలలో ఎంత అరుదుగా వింటాము! అది చదవని పల్లెవారు దానిని పాటిస్తున్నారు.

మధ్యాహ్న భోజనం తరువాత సూళ్ళూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డు పట్టాము. ఈ రోడ్డు సరస్సును చీల్చుకొంటూ పోతుంది. ఇరువైపులా నీళ్ళు, మధ్యలో మనము. దారిలో అటకానితిప్ప అనే చోట ఆగాము. అక్కడ ఫ్లెమింగోలను చూచాము. ఇక్కడివారు వీటిని రాజహంసలంటారు. దూరంనుండి చూస్తే నీటి అంచున ఎవరో తెల్లని, గులాబీరంగు పూలదండను పరచినట్టుంది. బైనాక్యులర్‌లో చూస్తే ఆ పూలన్నీ నడుస్తున్నాయి. పొడవైన కాళ్ళు, వంకర ముక్కు. తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, ముక్కులోని జల్లెడవంటి అంచులతో నీటిని వడగట్టి, చిన్నచిన్న రొయ్య జాతి పురుగులను, నాచును తింటుంది. ఆ ఆహారంలోని రంగే దాని రెక్కలకు పడుతుంది. పుట్టినప్పుడు పిల్ల బూడిదరంగే. ఏమి తింటే ఆ రంగు! మన పిల్లల మనస్సులకు మనము ఏమి తినిపిస్తున్నామో ఆలోచించుకోవలసిన సంగతి ఇది.

గుజరాత్‌లోని కచ్ ఎడారి ఉప్పునేలలలో ఈ పక్షులు వేలకొలది గూళ్ళు కట్టుకొంటాయి. సరైన కాలంలో మేత ఉన్న చోటులను వెదకుకొంటూ దేశమంతా తిరుగుతాయి. యిర్మీయా ప్రవక్త 8వ అధ్యాయంలో ఆకాశపక్షులు తాము వచ్చే కాలాన్ని ఎరుగుననీ, తన ప్రజలు మాత్రం దేవుని న్యాయవిధిని ఎరుగకపోయిరనీ దుఃఖించాడు. పక్షులు తప్పక వస్తాయి. వచ్చేసరికి వాటికి నీళ్ళుంటాయా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు మాకు భీములవారిపాళెం పడవల రేవులో దొరికింది. ఇది తడ మండలంలోనిది. ఇరకం దీవిలోని ప్రజలు బడికి, ఆసుపత్రికి, సంతకు ఈ రేవుకే పడవమీద వస్తారు. మేమూ లైఫ్ జాకెట్లు తొడుక్కొని కొంతదూరం పడవలో వెళ్ళాము. పడవ నడిపిన పెద్దాయనకు అరవై ఏండ్లు దాటి ఉంటాయి. నేను సేవకుడనని తెలిసి ఆయన తెడ్డు ప్రక్కన పెట్టి నమస్కరించాడు. ఆయన కూడా ఒక చిన్న ప్రార్థన గుంపులో విశ్వాసి.

"అయ్యగారూ, నా చిన్నప్పుడు ఈడ గెడ మునిగేది. ఇప్పుడు పడవ అడుగు బురదకు తగలతా ఉండాది. సముద్రం తలుపు మూసుకుంటే మా ఇంటి తలుపు మూసుకున్నట్టే" అన్నాడు.

సముద్రం తలుపు అనగా ముఖద్వారము. పులికాట్ వంటి సరస్సుకు రెండు వైపులా తలుపులుండాలి. ఒకవైపునుండి ఏటి నీరు రావాలి. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల నీరు ఈ సరస్సుకు ఆధారము. మరొకవైపునుండి సముద్రపు పోటు నీరు వచ్చి పోవాలి. ఈ రెండు నీళ్ళు కలిసిన చోటనే రొయ్యలు, మడవలు, పీతలు పెరుగుతాయి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పోటుతోపాటు ముఖద్వారంగుండా సరస్సులోనికి వచ్చి, ఇక్కడి మెత్తని బురదలో దాగి పెరిగి, పెద్దవైన తరువాత మళ్ళీ సముద్రానికి పోతాయి. ఆ దారి మూసుకొంటే పిల్లలు లోనికి రాలేవు. లోపలివి బయటకు పోలేవు. వేసవిలో నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది, చాలాచోట్ల నేల బయటపడి తెల్లగా పగులుతుంది.

ఆంధ్ర వైపున రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర ఉన్న ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడమే ఈ ప్రాంతపు మత్స్యకారుల పెద్ద బాధ. తీరం వెంబడి పారే ప్రవాహాలు ఇసుకను తెచ్చి ముఖద్వారంలో పోస్తాయి. ఏరు నిండుగా పారే రోజులలో ఆ వేగానికి ఇసుక కొట్టుకుపోయేది. ఎగువన నీరు తగ్గిన కొద్దీ ఇసుకదే పైచేయి అయింది. ఇసుక తవ్వి ముఖద్వారాలు తెరవాలని మత్స్యకారులు ఎన్నో సంవత్సరాలుగా అడుగుతున్నారు.

ఆ పెద్దాయన కుమారుడు తడ దగ్గరి శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనికి పోతున్నాడు. "నెల తిరిగేసరికి జీతం వస్తాది. నేను వద్దనలా. మా తాత వల, మా నాయన వల నా దగ్గరుండాయి. అవి ఎవరికియ్యాలో తెలవడంలా" అన్నాడు. తరువాత కొంచెంసేపు ఆగి, "ముఖద్వారం తెరుచుకోవాలని ప్రార్థన చేయండి అయ్యగారూ" అని అడిగాడు.

పడవలోనే అందరమూ తలలు వంచి ప్రార్థించాము. వ్యాధులకొరకు, పరీక్షలకొరకు, ఉద్యోగాలకొరకు, వీసాలకొరకు ప్రార్థన చీటీలు ప్రతి ఆదివారము మా బల్లమీదికి వస్తాయి. ఇసుక మేట తొలగిపోవాలని అడిగిన చీటీ ఇంతవరకు నాకు అందలేదు. అయితే హోషేయ 4వ అధ్యాయం తెరచి చూడండి. దేశంలో సత్యము, కనికరము లేకపోవడం వల్ల భూమి ప్రలాపిస్తుందనీ, ఆకాశపక్షులు, చివరకు సముద్రపు చేపలు కూడా లేకుండా పోతాయనీ ప్రవక్త చెప్పాడు. మనుష్యుల అన్యాయానికీ చేపల చావుకూ సంబంధం ఉందని ఇరువది ఏడు శతాబ్దాల క్రిందటే ఆయన గ్రహించాడు. కనుక ఆ మత్స్యకారుని మనవి బైబిలు వెలుపలి ప్రార్థన ఎంతమాత్రమూ కాదు.

ప్రార్థనకు చేతులు, కాళ్ళు కూడా ఉండాలి. 1990ల మొదట్లో మన తీరమంతా రొయ్యల చెరువులు తవ్వి, ఉప్పునీటితో పొలాలనూ బావులనూ పాడుచేస్తుంటే, ఎస్. జగన్నాథన్ అనే సర్వోదయ నాయకుడు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయన వృద్ధుడు, గాంధీ గారి మార్గంలో నడిచినవాడు. 1996 డిసెంబరు 11న కోర్టు తీర్పు చెప్పింది. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల పెంపకం చేయరాదని ఆ తీర్పులో ఉంది. నేలపట్టు పక్షుల కేంద్రాన్ని అందులో పేరుపెట్టి చెప్పారు. మేము మంచె ఎక్కి చూచిన గూళ్ళ వెనుక ఒక వృద్ధుని పట్టుదల కూడా ఉన్నదని పిల్లలకు చెప్పాను.

రెండవరోజు పొన్నేరి మీదుగా సరస్సు దక్షిణపు కొసనున్న పులికాట్ పట్టణానికి వెళ్ళాము. తమిళులు దీనిని పళవేర్కాడు అంటారు. సముద్రపు ముఖద్వారం ఇక్కడ ఉంది. ఈ ముఖద్వారం దగ్గరి కొన్ని మత్స్యకార గ్రామాలలో ఒక పాత కట్టుబాటు ఉంది. దానిని పాడు అంటారు, అనగా వంతు. రొయ్యలు బాగా పడే తావులు కొన్నే ఉంటాయి. బలమున్నవాడు వాటిని ఆక్రమించకుండా, గ్రామంలోని కుటుంబాలకు వంతులవారీగా ఇస్తారు. ఈరోజు మంచి తావు దొరికినవాడు రేపు ఇతరులకు ఇచ్చి తప్పుకోవాలి. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నాను కూర్చుకొన్నప్పుడు, ఎక్కువ కూర్చినవానికి మిగలలేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు. ఆ అధ్యాయాన్ని నీళ్ళమీద వ్రాసుకొన్నవారు వీరే అనిపించింది. అన్నదమ్ములు ఒక గట్టుకోసం కోర్టులకెక్కే ఊళ్ళు మన సంఘాలలోనూ ఉన్నాయి.

పులికాట్ పట్టణం క్రైస్తవులు తెలుసుకోవలసిన ఊరు. డచ్చివారు 1613లో ఇక్కడ గెల్డ్రియా అనే కోట కట్టారు. చాలాకాలం కోరమండల్ తీరంలో వారి ముఖ్యస్థానం ఇదే. ఇప్పుడు కోట శిథిలమై ముళ్ళకంపలలో ఉంది. వారి సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖవారి సంరక్షణలో నిలిచి ఉంది. దాని ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉన్నాయి. సముద్రాలు దాటి వచ్చి ధనము సంపాదించినవారి చివరి సంతకం అదే!

ఈ కోటలో 1632నుండి 1642వరకు అబ్రహాం రోజేరియస్ అనే డచ్చి బోధకుడు పనిచేశాడు. ఆయన పద్మనాభుడు అనే బ్రాహ్మణుని దగ్గర కూర్చొని, ఇక్కడి ప్రజల నమ్మకాలను, ఆచారాలను ఓపికగా అడిగి తెలుసుకొని ఒక గ్రంథం వ్రాశాడు. ఆయన చనిపోయిన రెండేండ్లకు, 1651లో, లైడెన్ నగరంలో అది అచ్చయింది. ఆ గ్రంథం పేరులో తెరచిన తలుపు అనే మాట ఉంది. మనకు తెలిసిన భర్తృహరి సుభాషితాలు మొదటిసారి ఐరోపా భాషలోనికి వెళ్ళింది ఆ పుస్తకం ద్వారానే. పొరుగువాని మాటను ముందు వినాలని ఆయనకు తెలుసు.

అదే రేవునుండి, అదే కాలంలో, డచ్చి ఓడలు కరవులో చిక్కిన మన తీరపు పేదలను బానిసలుగా కొని బటావియాకు తీసుకొనిపోయాయి. ఆకలికి తాళలేక తమ్మును తామే అమ్ముకొన్నవారు, పిల్లలను అమ్ముకొన్నవారు ఉన్నారు. కోటలో ఆదివారం ఆరాధన జరిగేది. రేవులో సోమవారం మనుష్యుల బేరం జరిగేది. సమాధుల తోటలో అందమైన రాళ్ళమీద పేర్లున్నాయి. ఆ ఓడలలో పోయినవారికి ఒక్క రాయి కూడా లేదు. వాక్యము చేతిలో ఉన్న సంఘము పొరుగువాని కన్నీటికి తలుపు మూసుకొంటే ఏమవుతుందో చూడాలంటే పులికాట్‌కు వెళ్ళి నిలబడితే చాలు. ఏటి నీరు వచ్చినా సముద్రపు తలుపు మూసుకొంటే సరస్సు ఎట్లు చచ్చిపోతుందో, వాక్యము వింటూ కూడా పొరుగువాని వైపు తలుపు మూసుకొన్న సంఘము అట్లే ఎండిపోతుంది. లోపల ఉప్పు మాత్రం పేరుకుంటుంది.

మీ కుటుంబంతో ఈ సరస్సు చూడదలచినవారికి కొన్ని మాటలు. నవంబరునుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. నేలపట్టుకు దొరవారిసత్రం రైలు స్టేషను దగ్గర. ఉదయం పెందలకడ గాని సాయంకాలం గాని వెళ్ళండి. ముదురు రంగుల బట్టలు, పాటల పెట్టెలు వద్దు. పక్షులకు చిరుతిండ్లు వేయకండి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి మీ ఇంటికే తెచ్చుకోండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ లేనిదే, ఎక్కువమందిని ఎక్కించినదానిలో, ఎంతమాత్రం ఎక్కవద్దు. 2011 క్రిస్మస్ దినాన పులికాట్ దగ్గర పడవ తలక్రిందులై 22 మంది ప్రాణాలు కోల్పోయారు. పండుగ సంతోషంలో ఈ మాట మరువకండి. వీలైతే ఒడ్డున చేపలమ్మే అక్కల దగ్గర బేరమాడకుండా నాలుగు చేపలు కొనండి.

సండే స్కూలు ఉపాధ్యాయులకు మరొక మనవి. సృష్టిని గూర్చిన పాఠం చెప్పేటప్పుడు బొమ్మల పుస్తకంతో ఆపకండి. మీ ఊరి చెరువు దగ్గరకు పిల్లలను తీసుకొనివెళ్ళండి. దాని నీళ్ళు ఎక్కడనుండి వస్తాయో, ఎక్కడికి పోతాయో, ఆ రెండు దారులు తెరచి ఉన్నాయో లేదో వారినే చూచి చెప్పమనండి. మేము వచ్చిన తరువాతి ఆదివారం, మా సంఘ ప్రార్థన చీటీలలో ఒకటి పిల్లల చేతివ్రాతతో వచ్చింది. అందులో రాయదొరువు అని, దాని క్రింద కొండూరుపాళెం అని వ్రాసి ఉంది. ఆ రెండు పేర్లను పైకి చదివి ప్రార్థించాము. మీరును మీ కుటుంబ ప్రార్థనలో వాటిని జ్ఞాపకము చేసికొనండి.